శనివారం గంటలు ఎటు పోయినయ్? మస్టర్ పట్టికను కోడ్ బ్లాక్‌కు అందించే పద్ధతి

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిన దాని పాఠం ఇది. కోడ్ సంగతులు చెవికి సరిగ్గా ఎక్కవు కాబట్టి అక్కడక్కడ కొంచెం సరిచేసి రాసిన. డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్లు క్యాంప్‌కు పోయినంక చదువుకోవచ్చు.

ఫ్రిస్కో నుంచి మాట్లాడుతున్న. ఇయ్యాల కొంచెం కంప్యూటర్ ముచ్చట ఉంది. భయపడకండి, నేను సాఫ్ట్‌వేర్ కాదు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివిన. పన్నెండేండ్లు దుబాయ్‌ల చేసిన. తర్వాత మా ఇంటామె నర్సు ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చింది, ఆమె వెనక నేనూ పిల్లలూ వచ్చినం. ఇక్కడ ఇండ్ల పునాదుల పని చూస్తున్న. ఫ్రిస్కోలో మనోళ్లు అంటే అందరూ ల్యాప్‌టాప్ బ్యాగులోళ్లే అనుకుంటరు. గుడికాడ ఎవరన్నా "ఏ కంపెనీ అన్నా?" అని అడిగితే "కాంక్రీట్" అంటా. ఒక్క నిమిషం ఆగి నవ్వుతరు.

ఇక్కడి నేల మన నల్లరేగడి లాంటిదే. వాన పడితే ఉబ్బుతది, ఎండ కొడితే పగుళ్లు ఇస్తది. అందుకే ఇండ్ల కింద స్లాబ్‌లో స్టీల్ కేబుళ్లు పరిచి, కాంక్రీట్ గట్టిపడ్డంక వాటిని జాకీతో లాగి బిగిస్తం. ఎండకాలం పగటిపూట పోస్తే కాంక్రీట్ చేతికి రాకముందే బిగుసుకుపోతది, కాబట్టి తెల్లవారుజామున మూడింటికే బండ్లు వస్తయ్. అంటే మస్టర్‌లో గంటలు అడ్డదిడ్డంగా ఉంటయ్. ఒకరోజు 10, ఒకరోజు 8, శనివారం పోత ఉంటే ఇంకో 6. ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, తప్పు జరిగింది ఆ శనివారం దగ్గర్నే. చేసింది నేనే.

నా దగ్గర ఎక్సెల్ షీట్ ఉండేది. సోమవారం నుంచి శుక్రవారం దాకా అయిదు వరుసలు, కింద మొత్తం. ఎవరో ఎప్పుడో చేసిపెట్టింది, నాకు చేతికొచ్చింది. శనివారం పని మొదలైనంక నేను ఇంకో వరుస కింద చేర్చిన. మొత్తం కట్టే గడి మాత్రం పాత అయిదు వరుసలనే చూస్తున్నది. నేను గడిలో అంకె చూసిన గానీ, ఆ అంకె వెనకాల ఏముందో చూడలేదు. మూడు వారాలు అట్లనే ఆఫీసుకు పంపిన.

మా దగ్గర హొండూరస్ నుంచి వచ్చిన ఒక ఫినిషర్ ఉన్నడు. పెద్దమనిషి, మాట తక్కువ. జేబుల చిన్న నోట్‌బుక్ పెట్టుకుంటడు, రోజూ దిగిన టైం, ఎక్కిన టైం రాసుకుంటడు. ఒక శుక్రవారం పొద్దున ఆ బుక్కు, పే స్టబ్ రెండూ నా బండి బానెట్ మీద పక్కపక్కన పెట్టి, వేలు చూపించి ఊరుకున్నడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

లెక్క వినండి. ఒక వారం అతని గంటలు 9, 9, 10, 9, 8, శనివారం 6. మొత్తం 51. గంటకు 24 డాలర్లు. ఇక్కడ 1938 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం వారంలో 40 గంటలు దాటినవాటికి ఒకటిన్నర రేటు. అంటే 40 గంటలకు 960, మిగిలిన 11 గంటలకు గంటకు 36 చొప్పున 396, కలిపితే 1356. నేను పంపింది 45 గంటలు, 1140 డాలర్లు. వారానికి 216 తక్కువ. మూడు వారాలకు 648. ఆయన ఇంటికి పంపే పైసల్లో నుంచి నేను తీసిన 648 డాలర్లు. ఆఫీసుతో మాట్లాడి తర్వాతి చెక్కులో ఇప్పించిన, మిగతా ఆరుగురికీ చూస్తే వాళ్లకూ ఇదే కథ. కానీ ఆ ఆదివారం నాకు అన్నం సహించలేదు. ఎందుకంటే దుబాయ్‌లో నేను కార్మికుడిగా ఉన్నప్పుడు ఇదే నాకు జరిగింది. ఒక కంపెనీలో నాలుగు నెలల ఓటీ "సిస్టమ్‌లో లేదు" అన్నరు. నా దగ్గర కాగితం లేదు. వదిలేసుకున్న.

మా మేనల్లుడు ప్లేనోలో ఉంటడు. సాఫ్ట్‌వేరే. వాడికి చెప్పుకుంటే "మామా, నీ తప్పు అంకెల్లో లేదు, లెక్క ఎక్కడ దాక్కుందో కనపడకపోవడంలో ఉంది" అన్నడు. అని, వాడు తన నోట్స్ రాసుకునే పద్ధతి చూపించిండు. పేరు ఆర్గ్ మోడ్. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో పనిచేస్తది. రెండూ ఉచితం. 2003లో కార్స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త తన పనులు, నోట్స్ రాసుకోవడానికి మొదలుపెట్టిండట. తర్వాత ఎరిక్ షూల్ట్, డాన్ డేవిసన్ అనేవాళ్లు దానికి బేబెల్ అనే భాగం కలిపిండ్రు. మామూలు టెక్స్ట్ ఫైల్ మధ్యలోనే కోడ్ రాసి, అక్కడికక్కడే నడిపించి, జవాబు దాని కిందనే తెచ్చుకోవచ్చు. బేబెల్ అన్న పేరు ఎందుకంటే ఒకే ఫైల్‌లో చాలా కంప్యూటర్ భాషలు మాట్లాడిస్తది.

టెక్స్ట్ ఫైల్ అంటే ఏందో మళ్లీ చెప్తా. బొమ్మలు, రంగులు, దాచిన గడులు ఏమీ ఉండవు. ఏ ఫోన్‌లోనైనా, ఏ పాత కంప్యూటర్‌లోనైనా నోట్‌ప్యాడ్‌తో తెరుచుకుంటది. కంపెనీ లాగిన్ పోయినా ఫైల్ మీ దగ్గరే ఉంటది. నాకు నచ్చింది ఇదే.

ఇగ అసలు పని. మూడు ముక్కలు: పట్టిక, లెక్క, పిలుపు. పట్టిక ఇట్ల ఉంటది.

| రోజు | గంటలు |
|------+-------|
| సోమ | 9 |
| మంగళ | 9 |
| బుధ | 10 |
| గురు | 9 |
| శుక్ర | 8 |
| శని | 6 |

నిలువు గీత కొట్టి, మాట రాసి, మళ్లీ నిలువు గీత. ట్యాబ్ నొక్కితే గడులు వాటంతట అవే సర్దుకుంటయ్. హెడింగ్ కింద నిలువు గీత, ఒక అడ్డగీత కొట్టి ట్యాబ్ నొక్కితే పొడుగు గీత వస్తది. ఈ గీత సింగారానికి కాదు, దీని సంగతి తర్వాత చెప్తా.

ఇప్పుడు పట్టికకు పేరు పెట్టాలి. పట్టికకు సరిగ్గా పై లైన్‌లో హ్యాష్ గుర్తు, ప్లస్ గుర్తు, నేమ్ అనే మాట, కోలన్, తర్వాత పేరు. నేను వారం1 అని పెట్టుకున్న. ఇక్కడ తెలుగులో రాసినా, టైపు చేసేటప్పుడు ఈ గుర్తింపు మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. పేరుకూ పట్టికకూ మధ్య ఖాళీ లైన్ వదలొద్దు. సైట్ మీద పైపుకు ట్యాగ్ కట్టినట్టే, ట్యాగ్ దూరంగా పడేస్తే అది ఏ పైపుదో ఎవరికి తెలుస్తది?

తర్వాత కోడ్ బ్లాక్. హ్యాష్, ప్లస్, బిగిన్, అండర్‌స్కోర్, ఎస్ఆర్‌సీ, ఖాళీ, పైథాన్. ఆఖర్లో అట్లనే ఎండ్ అండర్‌స్కోర్ ఎస్ఆర్‌సీ. ఈ రెండు లైన్ల మధ్య లెక్క. దీనికీ పైన నేమ్ లైన్ పెట్టి జీతం అని పేరు ఇవ్వాలి. పట్టికను లోపలికి పంపే తలుపు బిగిన్ లైన్‌లోనే ఉంటది. పైథాన్ అన్న మాట తర్వాత కోలన్, వార్, ఖాళీ, టేబుల్ ఈక్వల్స్ వారం1. మళ్లీ కోలన్, వార్, రేట్ ఈక్వల్స్ 24. దీని అర్థం ఏందంటే, బ్లాక్ లోపల టేబుల్ అని ఎక్కడ రాసినా వారం1 పట్టిక వచ్చి కూర్చుంటది, రేట్ అని రాస్తే 24. ఏ విలువా ఇవ్వకుండా ఉత్త పేరు రాసి వదిలేస్తే అది ఒప్పుకోదు. మొదలు పెట్టేటప్పుడు ఏదో ఒక విలువ ఇవ్వాల్సిందే.

లోపల మూడు లైన్లే. మొదటి లైన్: పట్టికలోని ఒక్కో వరుస తీసుకుని, అందులో గంటల గడిని కూడుకుంటూ పో. ఇక్కడ పైథాన్ సున్నా నుంచి లెక్కపెడతది, కాబట్టి రోజు గడి సున్నా, గంటల గడి ఒకటి. రెండో లైన్: మొత్తంలో 40 దాటింది ఎంతో చూడు, దాటకపోతే సున్నా. మూడో లైన్: 40 లోపు గంటలకు రేటు, దాటినవాటికి రేటుకు ఒకటిన్నర, రెండూ కలిపి రిటర్న్ చెయ్యి. ఆ రిటర్న్ మాట మర్చిపోతే లెక్క అంతా చేసి కూడా జవాబు దగ్గర నన్ అని పెడతది. నేను గంటసేపు తల పట్టుకున్నది దీని దగ్గర్నే.

కర్సర్ బ్లాక్ మీద పెట్టి కంట్రోల్ సీ రెండుసార్లు నొక్కితే, "నిజంగా నడపాలా" అని అడుగుతది. యెస్ అంటే కింద రిజల్ట్స్ అని వచ్చి 1356 కనపడతది. మొదట పైథాన్ పనిచేయకపోతే కంగారు వద్దు. ఈమాక్స్‌లో మొదట దాని సొంత లిస్ప్ భాష ఒక్కటే నడుస్తది, పైథాన్‌ను సెట్టింగుల్లో ఒకసారి ఆన్ చేయాలి. పైథాన్ కంప్యూటర్‌లో విడిగా ఉండాలి కూడా. ఈ పని తెలిసిన పిల్లలతో చేయించుకోండి, పది నిమిషాల పని.

ఇక అసలు లాభం. వచ్చే వారం నేను లెక్క మళ్లీ రాయను. వారం2 అని ఇంకో పట్టిక రాస్తా. దాని కింద ఒక్క లైన్: హ్యాష్, ప్లస్, కాల్, కోలన్, జీతం, బ్రాకెట్ తెరిచి టేబుల్ ఈక్వల్స్ వారం2, కామా, రేట్ ఈక్వల్స్ 26, బ్రాకెట్ మూసి. అంతే. బ్లాక్‌లో మొదట ఇచ్చిన విలువల బదులు ఇవి పోతయ్. రేటు మారకపోతే రేట్ రాయక్కర్లేదు, 24 ఉండనే ఉంది. ఏడుగురికీ అదే బ్లాక్, 52 వారాలకూ అదే బ్లాక్. శనివారం వరుస ఉన్నా, ఆదివారం కూడా చేర్చినా పట్టిక మొత్తం పోతది. "ఎక్కడి నుంచి ఎక్కడి దాకా" అనే మాటే లేదు, నేను తప్పు చేసిన మాట అదే కద.

లెక్కలో తప్పుంటే? అందరికీ తప్పైతది. అవును. కానీ ఒక్కచోట దిద్దితే అందరికీ సరైతది, ఆ చోటు ఎక్కడుందో కండ్లకు కనపడతది. ఎక్సెల్‌లో ఏడు షీట్లలో ఏడు గడులు వెతకాలి.

ఇప్పుడు ఆ పొడుగు గీత సంగతి. హెడింగ్ కింద ఆ గీత ఒక్కటే ఉంటే, "పైన ఉన్నది హెడింగ్" అని అర్థం చేసుకుని దాన్ని పక్కన పెట్టి మిగతా వరుసలే లోపలికి పంపుతది. గీత లేకపోతే గంటలు అన్న మాట కూడా లోపలికి పోతది. మాటను 9తో కూడమంటే పైథాన్ కొట్లాటకు వస్తది. ఇంకో మెలిక ఉంది. మనం మస్టర్‌లో అలవాటుగా కింద ఇంకో గీత గీసి మొత్తం రాస్తం చూడండి, అది చేయొద్దు. రెండో గీత ఉంటే ఏది హెడింగో అది తేల్చుకోదు. బిగిన్ లైన్‌లో కోల్‌నేమ్స్ యెస్ అని రాసి హెడింగ్ తీయించినా, ఆ మొత్తం వరుస కూడా ఒక రోజే అనుకుని కూడేస్తది. 51 గంటల మనిషి 102 గంటలు చేసినట్టు వస్తది. పట్టికలో జరిగింది మాత్రమే రాయాలి, కూడింది రాయొద్దు.

ఖాళీ గడి గురించి కూడా చెప్పాలి. ఒక రోజు గంటలు రాయకుండా వదిలేస్తే, ఆ గడి ఉత్త మాటగా లోపలికి పోతది. పైథాన్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతది. మా మేనల్లుడు "ఖాళీ ఉంటే సున్నా అనుకో అని ఒక లైన్ రాస్తా మామా" అన్నడు. వద్దన్న. ఖాళీ అంటే ఆ మనిషి రాలేదనా, నేను రాయడం మర్చిపోయిన్ననా? సున్నా అనుకుంటే మళ్లీ అదే దొంగతనం. ఆగిపోనియ్. ఆగితే నేను ఆ మనిషిని అడుగుతా, రాలేదంటే అప్పుడు నా చేత్తో 0 రాస్తా.

పట్టిక లోపలి గడి నుంచే బ్లాక్‌ను పిలిచి జవాబు గడిలో వేయించే పద్ధతి కూడా ఉంది. నాకైతే అది వద్దు. లెక్కను మళ్లీ గడి వెనకాలకు పంపినట్టే.

చట్టం సంగతి కూడా కలిపి చెప్పాలి, ఎందుకంటే ఏ పట్టికను ఎట్ల పంపాలో దాన్నిబట్టే ఉంటది. ఇక్కడ ఓటీ వారం వారం చూస్తరు. రెండు వారాలకు ఒక చెక్కు ఇచ్చినా సరే, రెండు వారాలు కలిపి సగటు తీయొద్దు. ఒక వారం 51, తర్వాతి వారం వానకు పని ఆగి 35 అనుకోండి. కలిపితే 86. "80కి 6 ఎక్కువ, 6 గంటలే ఓటీ" అంటే తప్పు. మొదటి వారంలో 11 గంటలు ఓటీ, రెండో వారంలో ఏమీ లేదు. కాబట్టి రెండు వారాలను ఒకే పట్టికలో కుక్కి పంపొద్దు. వారానికో పట్టిక, పట్టికకో పిలుపు.

గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లకు లెక్క వేరు. దుబాయ్‌లో 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం మామూలు పని రోజుకు 8 గంటలు, వారానికి 48. ఓటీకి బేసిక్ మీద కనీసం 25 శాతం ఎక్కువ, రాత్రి పది నుంచి పొద్దున నాలుగు మధ్య అయితే 50 శాతం. షిఫ్టులోళ్లకు రాత్రి లెక్క వర్తించదు, ఇంకా షరతులు ఉన్నయ్. అంటే అక్కడ మొత్తం కూడి 40 తీసేసే బ్లాక్ పనికిరాదు. ఒక్కో వరుస చూసి 8 దాటింది ఎంతో తీయాలి. నేను పైన చూపించిన పట్టికనే అట్లాంటి బ్లాక్‌కు పంపితే రోజుల లెక్కన 1, 1, 2, 1 కలిపి 5 గంటలు వస్తయ్. ఇక్కడి బ్లాక్ 11 అంటది. పట్టిక ఒక్క అక్షరం మారలేదు. అందుకే పట్టికను, లెక్కను విడదీసి పెట్టుకోమంటున్న. దుబాయ్ నుంచి సౌదీకి మారినా మీ గంటలు మీ గంటలే, బ్లాక్ ఒక్కటి మార్చుకుంటే చాలు.

ఇక్కడ అమెరికాలో ఉన్నోళ్లు ఇంకో మాట వినండి. గంటల రికార్డు ఉంచాల్సింది యజమాని. కానీ ఆయన దగ్గర సరైన రికార్డు లేకపోతే, కార్మికుడు తన దగ్గరున్న సబబైన ఆధారంతో లెక్క చూపించొచ్చని సుప్రీంకోర్టు 1946లోనే మౌంట్ క్లెమెన్స్ పాటరీ కేసులో చెప్పింది. జేబులో నోట్‌బుక్‌కు అంత విలువ ఉంది. పాత ఓటీ అడగడానికి మామూలుగా రెండేండ్లు, యజమాని తెలిసి తెలిసి ఎగ్గొడితే మూడేండ్లు గడువు. లేబర్ డిపార్ట్‌మెంట్‌లో వేజ్ అండ్ అవర్ డివిజన్ ఉంది, నంబర్ 1-866-487-9243. కాగితాలు ఉన్నయా లేవా అనే దానితో సంబంధం లేకుండా చేసిన పనికి జీతం చట్టం వర్తిస్తది.

అందరూ ఆర్గ్ మోడ్ నేర్చుకోమని నేను చెప్పను. మీ ఒక్కరి గంటలే అయితే నోట్‌బుక్కు చాలు, లేదా ఫోన్‌లో టెక్స్ట్ ఫైల్ చాలు. ఆండ్రాయిడ్‌లో ఆర్గ్జ్‌లీ అనే యాప్ ఈ ఫైళ్లను చదువుతది, రాయనిస్తది, కానీ కోడ్ నడపదు. నేను రోజూ ఫోన్‌లో వరుస రాసి, గురువారం రాత్రి ల్యాప్‌టాప్‌లో లెక్క తీస్తా. నలుగురి గంటలు మీ చేతుల మీదుగా పోతుంటే మాత్రం, ఫోర్‌మన్, టైమ్ కీపర్, క్యాంప్ బాస్ ఎవరైనా, ఒక ఆదివారం దీనికి పెట్టండి.

ఒక జాగ్రత్త. నడిపే ముందు అది యెస్ ఆ, నో ఆ అని అడుగుతది కద, విసుగొచ్చి ఆ ప్రశ్నను ఆఫ్ చేయొద్దు. ఇతరులు పంపిన ఫైల్‌లో బ్లాక్ ఏం చేస్తదో చదవకుండా యెస్ అనొద్దు. అది ఉత్త కాగితం కాదు, మీ కంప్యూటర్‌లో ఏ పనైనా చేయగలదు. పాస్‌పోర్ట్ నంబర్లు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఆ ఫైల్‌లో పెట్టొద్దు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం పొద్దున ఏడుగురికీ ఎవరి పట్టిక వాళ్లకు ప్రింటు తీసి ఇస్తున్న. శుక్ర, శనివారాల వరుసలు అప్పటికి ఖాళీగా ఉంటయ్ కాబట్టి, ముందు వారానిది పూర్తి లెక్కతో, ఈ వారానిది గంటలతో మాత్రం. రోజుల పేర్లు స్పానిష్‌లో రాయడం కూడా నేర్చుకున్న. హొండూరస్ పెద్దమనిషి కాగితం తీసుకుని, జేబులోంచి బుక్కు తీసి వరుస వరుసా చూస్తడు. పోయిన నెల ఒకరోజు నా దగ్గర 9 ఉంది, ఆయన దగ్గర తొమ్మిదిన్నర. పోత అయినంక పంపు గొట్టాలు కడిగిన అరగంట. నేను అప్పటికే బండెక్కి వెళ్లిపోయిన, నాకు తెలియదు. పట్టికలో 9 తీసి 9.5 రాసిన, కంట్రోల్ సీ రెండుసార్లు నొక్కిన, కొత్త అంకె వచ్చింది. ఆయన చూసి, బుక్కులో ఆ లైన్ పక్కన టిక్కు పెట్టుకుని పనికి పోయిండు.

సరే, నేనూ పడుకోవాలె. రేపు మూడింటికి బండి వస్తది. ఉంటా మరి.